తాతగారి పద్యాల పుస్తకాన్ని నెట్‌లో పెట్టే ముందు

కడప

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తాతగారు చేత్తో రాసుకున్న పద్యాల పుస్తకాన్ని, ఆయన హరికథల క్యాసెట్లను నెట్‌లో పెట్టాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. ఈ పనిలో ఒకసారి చేయి కాల్చుకున్నవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

ఇరవై ఏళ్ల కిందట ఆ పుస్తకంలో సగం నేనే టైపు చేశాను. డీటీపీ సెంటర్లో వాడే ఫాంటులో అది ముచ్చటగా కనబడింది గానీ, కంప్యూటరు మార్చి ఫైలు తెరిచేసరికి ‘విశ్వదాభిరామ’ ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు బారులు తీరి ఉన్నాయి. పైకి కనబడిన బొమ్మే తెలుగు, లోపల దాగింది తెలుగు కాదు. 1991లోనే, ఏ కంప్యూటరులోనైనా అక్షరం మారకుండా నిలిపే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కినా, మన ఊరి టైపు కొట్లకు అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. నువ్వు యూనికోడ్ తప్ప మరొకటి వాడవద్దు.

పుస్తకంలోని పాఠం, ఫోన్లలో తిరిగే పాఠం వేరుగా ఉంటే పుస్తకాన్ని దిద్దవద్దు. వీలైతే ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి వెళ్లిరా. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన బ్రౌన్ దొర, ఆ తరువాత ఇక్కడే బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టుకొని, ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పాఠభేదాలు పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో 693 వేమన పద్యాలు అచ్చువేయించినవాడు, 1839లో 1,164 పద్యాలతో మళ్లీ వేయించాడు. ఆనాడు ప్రతులకు కరువు. నేడు ఎవరు ఎక్కడినుంచి ఎత్తారో తెలియని ప్రతులే మెండు. వేమన మకుటం తగిలించి ఎవరో అల్లిన పద్యం నాకు శుభోదయం బొమ్మ కింద వారానికొకటైనా వస్తుంది (గణాలు కూడా కుదరవు, అది వేరే సంగతి). అందుచేత ప్రతి పద్యం కింద అది ఏ పుటలోదో, తాతగారు అంచున ఏమి రాసుకున్నారో పేర్కొని, ఆ పుట ఫొటో జతచేయి.

క్యాసెట్లను ముందు వెలుతురులో చూడు. టేపు అంచున తెల్లని బూజు ఉంటే ప్లేయరులో పెట్టవద్దు.

పద్యం రాసిన కవి మరణించి అరవై ఏళ్లు దాటకపోతే హక్కులు వారసులవే కనుక, ఆ పద్యాలను మన ఇంటికే పరిమితం చేయి. ఏ వేదికనూ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2014లో ఆర్కుట్ మూతపడినట్లు ఏదైనా మూతపడవచ్చు.

పుస్తకం నా పెట్టెలో వేపాకుల మధ్య ఉంది. ఉగాదికి వచ్చినప్పుడు తీసుకువెళ్లు. స్కానింగు కోసమని కుట్టు మాత్రం విప్పవద్దు. తాతగారు పుటలకు అంకెలు వేయలేదు.

ఇట్లు,
పెదనాన్న