సెక్రోపియా పురుగుల్ని లోపలి నుంచి తినే ఈగ

ప్రశ్న: ఉండేది మసాచుసెట్స్‌లో. పెరటి చెర్రీ చెట్టు మీద సెక్రోపియా (ఉత్తర అమెరికాలోని పెద్ద పట్టు చిమ్మట) పచ్చటి గొంగళిపురుగులు పెరుగుతూ పెరుగుతూ చచ్చిపోయాయి. కళేబరాల్లోంచి తెల్లటి చిన్న పురుగులు బయటికొచ్చాయి. చెట్టుకు మందేమీ కొట్టలేదు. కారణం ఏమిటి?

జవాబు: ఎక్కువ అనుమానం కాంప్సిలూరా కన్సినేటా అనే ఈగ మీదే. పట్టుపురుగుల్ని చంపే ఊజీ ఈగల కుటుంబానిదే ఇది. ఆ కుటుంబంలో చాలా ఈగలు పురుగు ఒంటిమీద తెల్లటి గుడ్డు అంటించి పోతాయి, కంటికి కనబడుతుంది. ఇది అలా కాదు. పొట్ట కొసనున్న ముల్లుతో చర్మం చీల్చి, బతికున్న పిల్లనే లోపల వదులుతుంది.

చెట్ల ఆకులు తినేసే స్పాంజీ మాత్ అనే చిమ్మటను అణచడానికి 1906లో దీన్ని ఐరోపా నుంచి అమెరికాకు తెచ్చారు. ఆ ఎంపికే పొరపాటు. స్పాంజీ మాత్‌కు ఏడాదికి ఒకటే తరం, ఈగకు మూడు నాలుగు. మిగతా తరాలకు, చలికాలం గడపడానికి దానికి వేరే పురుగులు కావాలి. 180కి పైగా జాతుల మీద పడుతుంది. సెక్రోపియాకూ ఇది ముప్పే. 2000లో వెలువడిన మసాచుసెట్స్ పరిశోధనలో 100 చెట్ల మీద, చెట్టుకు అయిదు చొప్పున 500 సెక్రోపియా పురుగుల్ని వదిలితే ఒక్కటీ గొంగళిపురుగు ఎదుగుదలలో ఆఖరిదైన అయిదో దశ దాటలేదు. మొదటి మూడు దశల్లో జరిగిన చావుల్లో 81 శాతం ఈ ఈగ వల్లే.

కాబట్టి గుడ్డు పగిలిన రోజు నుంచే కాపాడాలి. కొమ్మకు సన్నకన్ను వల సంచి తొడిగి, కొమ్మ మొదలు దగ్గర గుడ్డ పేలిక చుట్టి గట్టిగా కట్టండి. సందు ఉంటే చీమలు దూరతాయి. సంచి వదులుగా ఉండాలి, వల పురుగుకు ఆనుకుంటే వేటాడే నల్లి జాతి పురుగులు బయటినుంచే తొండం గుచ్చి పీల్చేస్తాయి. ఆకు అయిపోకముందే కొమ్మ మార్చండి, పెంటికలు దులపండి. ఆఖరి దశలో ఒక్కో పురుగు తినే ఆకు చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అందుకే సంచికి నాలుగైదు చాలు. అదే చెట్టుకు బీటీ మందు (గొంగళిపురుగుల్ని చంపే బాక్టీరియా మందు) మాత్రం కొట్టొద్దు. స్పాంజీ పురుగుతో పాటు ఇవీ పోతాయి.

ప్రశ్న: చలికాలంలో కొమ్మకు దొరికిన సెక్రోపియా పట్టుగూడు బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: చేత్తో తూచండి. బరువుగా ఉండి, మెల్లగా కదిపితే లోపల మెత్తని దెబ్బ తగిలితే ప్యూపా (గూటిలో చిమ్మటగా మారుతున్న పురుగు) బతికున్నట్టే. తేలిగ్గా ఉంటే చచ్చినట్టు. గూటికి చిన్న కన్నం ఉంటే వడ్రంగిపిట్ట పొడిచి తినేసి ఉండొచ్చు. కోసి చూడకండి. వెచ్చటి గదిలోనూ పెట్టకండి: చిమ్మట అకాలంలో బయటపడుతుంది, జత దొరకదు, అది ఆహారం తీసుకోదు కనుక రెండు వారాల్లోపే చనిపోతుంది. నీడలో, ఎలుకలు చొరని వల పంజరంలో ఆరుబయటే ఉంచి, పక్కన గరుకు పుల్ల నిలబెట్టండి. పైకెక్కి వేలాడితేనే రెక్కలు చక్కగా విచ్చుకుంటాయి.