పచ్చళ్ల షాపు వెబ్‌సైట్‌కి ఎంత అడగాలి?

విజయవాడలో ఒక పచ్చళ్ల షాపు వాళ్లకి ఆన్‌లైన్ ఆర్డర్ల వెబ్‌సైట్ కావాలి, 40 రకాల సరుకు, వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్), వూకామర్స్ (దానికి ఆన్‌లైన్ అమ్మకాలు జోడించేది) మీద చేస్తాను, పదిహేను వేలు అడగనా యాభై వేలు అడగనా అన్నది మీ ప్రశ్న. రెండూ గాల్లోంచి తీసిన అంకెలే. ముందు మీ గంట ఖరీదు తేల్చుకోండి, షాపు సంగతి ఆ తర్వాత.

ఇంటి ఖర్చు నెలకు 45,000 అనుకుంటే ఏడాదికి 5,40,000. ల్యాప్‌టాప్ అరుగుదల, ఇంటర్నెట్, కరెంటు, ప్లగిన్ల (సైట్‌కి అదనపు పనులు జోడించే చిన్న సాఫ్ట్‌వేర్ల) లైసెన్సులు, ఆడిటర్ ఫీజు కలిపి ఓ 90,000. పని దొరకని నెలలకీ, జ్వరాలకీ ఒక లక్ష. మొత్తం 7,30,000. ఇక గంటలు. రోజుకు 8 గంటల చొప్పున లెక్క కట్టేవాళ్లే మునిగిపోయేది. ఫోన్లు, కొటేషన్లు, కొత్త క్లయింట్ల వెతుకులాట, బాకీల వసూళ్లు పోగా డబ్బు తెచ్చే పని రోజుకు 5 గంటలు దాటదు. నెలకు 22 రోజులు, ఏడాదికి 11 నెలలు, అంటే 1,210 గంటలు. గంటకు సుమారు 600 వస్తుంది. అది మీ గిట్టుబాటు ధర మాత్రమే. లాభం కలిపి 700 వేసుకోండి. మీ ఇంటి అంకెలు వేరైతే వాటితోనే కట్టండి, పద్ధతి అదే.

ఈ పనికి పట్టే గంటలు ఇలా వస్తాయి: మాటలు, స్కోప్ (ఏ పని ఎంతవరకు అన్నది) రాసుకోవడం 6, మొబైల్‌లో సరిగ్గా కనిపించేలా డిజైన్ 22, సరుకు వివరాలు సైట్‌లోకి ఎక్కించడం 10 (పావు, అర, కిలో వేరియంట్లతో ఒక్కోదానికి 15 నిమిషాలు), పేమెంట్ గేట్‌వే (సైట్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) 8, కొరియర్ ఛార్జీలు 10, ఆర్డర్ మెసేజ్‌లు 6, రీఫండ్, ప్రైవసీ లాంటి పేజీలు 3, టెస్టింగ్ 8, లైవ్ సర్వర్‌కి మార్చి బ్యాకప్ పెట్టడం 4, షాపులో కుర్రాడికి నేర్పడం 3. మొత్తం 80. అనుకోని పనులకి దీని మీద పాతిక శాతం కలిపితే 100 గంటలు. అంటే 70,000.

గేట్‌వేకి 8 గంటలెందుకని అనిపించవచ్చు. ప్లగిన్ పెట్టడం అరగంట పనే. కానీ యూపీఐలో డబ్బు కట్టినవాడు సైట్‌కి తిరిగి రాకుండా బ్రౌజర్ మూసేస్తే ఆర్డరు పెండింగ్‌లోనే ఉండిపోతుంది, డబ్బు మాత్రం పోతుంది. దానికి వెబ్‌హుక్ (డబ్బు అందిందని గేట్‌వే నేరుగా సైట్‌కి పంపే కబురు) పెట్టి, ఫెయిలైన పేమెంట్లూ రీఫండ్లూ అన్నీ ఆడించి చూడాలి. కొరియర్ ఛార్జీలదీ అదే తంతు. అర కిలో పచ్చడి సీసా, డబ్బాతో కలిపి అర కిలో దాటుతుంది. చాలా కొరియర్లకి 500 గ్రాముల స్లాబులు, అంటే ప్రతి 500 గ్రాములకీ ఒక మెట్టు ఛార్జీ. మీరు సరుకు బరువే ఎక్కిస్తే ప్రతి ఆర్డరుకీ ఒక స్లాబు డబ్బు షాపు జేబులోంచే పోతుంది, తిట్లు మీకు వస్తాయి.

ఈ గంటల చిట్టా క్లయింటుకి చూపించకండి. ఒక్కో లైను మీదా బేరం మొదలవుతుంది. మొత్తం అంకె ఒకటి, ఏమేం చేస్తారో జాబితా ఒకటి, ఏమేం చేయరో ఇంకొకటి ఇవ్వండి. ఈ మూడోదే చాలామంది రాయరు. సరుకు ఫొటోలు తీయడం, లోగో, ప్రకటనలు, రెండుసార్లకి మించి డిజైన్ మార్పులు ఇందులో లేవని రాసి పెట్టండి. పచ్చళ్లకి కొసరు అడిగినట్టే వెబ్‌సైట్‌కీ అడుగుతారు: ‘రెండో బ్రాంచికి స్టాకు వేరేగా చూపించండి, చిన్న మార్పే కదా’ అని. అది చిన్నది కాదు, స్టాకు, ఆర్డర్లు, కొరియర్ మూడూ కదులుతాయి.

తగ్గించమంటే రేటు తగ్గించకండి, పని తగ్గించండి. సరుకు వాళ్లే ఎక్కించుకుంటే 8,750 తగ్గుతుందని చెప్పండి (10 గంటలు, పాతిక శాతం, 700). ఊరికే తగ్గిస్తే మొదటి అంకె అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు. వాళ్ల చేతిలో నిజంగా 15,000 మాత్రమే ఉంటే ఈ సైట్ అమ్మకండి. వాట్సాప్ బిజినెస్ కేటలాగు, యూపీఐ క్యూఆర్ పెట్టించి దానికి తగ్గ ఫీజు తీసుకోండి. రోజుకు పది ఆర్డర్లొచ్చే షాపుకి అదే నయం కూడా.

డబ్బు మూడు విడతలు: 28,000 అడ్వాన్సు, మీ స్టేజింగ్ సర్వర్ (లైవ్‌కి ముందు చూపించే ట్రయల్ చోటు) మీద డిజైన్ ఓకే అయ్యాక 21,000, లైవ్‌కి మార్చే ముందు 21,000. ఆఖరి విడత లైవ్ తర్వాత అని ఒప్పుకుంటే దసరా దాటి సంక్రాంతికి పోతుంది. పని ఆగేది ఎక్కువగా ఫొటోల దగ్గరా కాగితాల దగ్గరా. పాన్, బ్యాంకు వివరాలు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, ఫొటోలు 15 రోజుల్లో రాకపోతే రెండో విడత కట్టాలనీ, పని తేదీ మళ్లీ వేస్తామనీ రాయండి. ఎస్ఎంఎస్ కావాలంటే డీఎల్‌టీ (వ్యాపార ఎస్ఎంఎస్‌లు పంపేవాళ్ల నమోదు) రిజిస్ట్రేషన్ షాపు పేరునే జరగాలి, దానికి రోజులు పడుతుంది, తేదీలో కలపండి.

గేట్‌వే వాళ్లు సాధారణంగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పట్టుకుంటారు. వెయ్యి రూపాయల ఆర్డరుకి 23.60. ఇది షాపు ఖర్చని ముందే చెప్పండి. మీ ఏడాది రాబడి 20 లక్షల లోపుంటే, రిజిస్ట్రేషన్ లేకపోతే బిల్లులో జీఎస్టీ వేయకూడదు. టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటే అది తగ్గింపు కాదు, మీ పాన్ మీద జమ. సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

లైవ్ అయ్యాక 30 రోజులు తప్పులు ఉచితంగా సరిచేస్తామనండి. తప్పంటే ఒప్పుకున్నది పనిచేయకపోవడం, కొత్త కోరిక కాదు. ఆ తర్వాత అప్‌డేట్లకీ బ్యాకప్‌కీ నెలకు 1,500, రెండు గంటల వరకు. హోస్టింగ్ మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి కొటేషన్‌లో కలిపేయకండి, రెండో ఏడాది రెన్యువల్ బాగా పెరుగుతుంది. డొమైన్, హోస్టింగ్ రెండూ వాళ్ల ఈమెయిల్‌తో, వాళ్ల కార్డుతోనే కొనిపించండి.