26 ఏళ్ల కొడుక్కి ఇప్పుడు నేర్పితే వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. మధ్యస్థ స్థాయి మేధో వైకల్యం ఉందని ధ్రువపత్రంలో రాశారు. 18 ఏళ్ల వరకు ప్రత్యేక పాఠశాలకు వెళ్లాడు, ఆ తర్వాత ఇంట్లోనే ఉంటున్నాడు. మనం చెప్పింది బాగానే అర్థం చేసుకుంటాడు. కానీ స్నానం చేయించడం దగ్గర్నుంచి అన్నం కలిపి పెట్టడం వరకు అన్నీ నేనే చూసుకుంటున్నాను. నాకు 58 దాటాయి, మోకాళ్లు సహకరించడం లేదు. మా తర్వాత వీడి గతేమిటన్న దిగులుతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ వయసులో నేర్పితే వస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, తప్పకుండా వస్తుంది. చదువు, లెక్కలు ఒక దశ దాటాక ముందుకు సాగకపోవచ్చు గాని, స్నానం, వంట, బట్టలు, బజారు వంటి రోజువారీ పనులు నేర్చుకునే శక్తి 20 ఏళ్లకే ఆగిపోదు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, తన చేతులతో చేసే అవకాశమే మీ అబ్బాయికి ఇన్నేళ్లూ చిక్కలేదని తోస్తోంది. పొద్దున్నే పనులన్నీ తెమలాలన్న తొందరలో ఏ తల్లి అయినా చెంబు తన చేతిలోకే తీసుకుంటుంది. అందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

ఇంట్లో రోజూ జరిగే పనుల్లో అతనికి ఇష్టమైన దాన్ని ఒక్కదాన్నే మొదట ఎంచుకోండి. మీ ఇంట్లో కరెంటు కుక్కర్ ఉంటే అన్నం వండటమే తీసుకోండి. బియ్యం కొలవడం, కడగడం, నీళ్లు పోయడం, గిన్నె అడుగు తడి లేకుండా తుడవడం, గిన్నెను కుక్కర్‌లో దించడం, మూత పెట్టడం, మీట నొక్కడం: మనకు ఒక్కటిగా తోచే పని అతనికి ఏడు పనులు. మొదటి దానితో మొదలుపెడితే బియ్యం కడగడం దగ్గరే ఇద్దరికీ విసుగొస్తుంది. అందుకని చివరి దానితో మొదలుపెట్టండి. ముందున్న ఆరూ మీరు చేసి, మీట మాత్రం అతని చేత నొక్కించండి. అది నిలకడగా వచ్చాక మూత కూడా అతనికే వదిలేయండి, ఆ తర్వాత గిన్నె దించడం. ఇలా వెనక నుంచి ముందుకు వస్తే ప్రతిరోజూ పని అతని చేతి మీదుగానే పూర్తవుతుంది, ‘అన్నం నేనే వండాను’ అని నాన్నకు చెప్పుకునే సంతోషం మొదటి రోజు నుంచే దక్కుతుంది.

సాయం చేయడం కన్నా దాన్ని తగ్గించుకుంటూ రావడంలోనే ఎక్కువ నేర్పు కావాలి. మొదట చేతి మీద చెయ్యి వేసి చేయించండి, తర్వాత మోచేతిని మాత్రం తాకండి, ఆపైన వేలితో చూపించండి, చివరకు పక్కన ఊరికే నిలబడండి. ‘ఇప్పుడు మూత పెట్టు, ఇప్పుడు మీట నొక్కు’ అని నోటితో చెబుతూ పోవడం తేలికే గాని, ఆ అలవాటు మాన్పించడం మిగిలిన అన్నిటికన్నా కష్టం. పక్కనుంచి మాట వినబడితే తప్ప చెయ్యి కదలని పెద్దవాళ్లను నేను చాలామందిని చూశాను. అతను మధ్యలో ఆగిపోతే వెంటనే అందుకోకుండా మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు ఆ కాస్త వ్యవధిలోనే చేయవలసింది గుర్తొస్తుంది. మీరు ఇంత ఓపిక పట్టినా, ఇంట్లో మరొకరు జాలిపడి అందుకుంటే ఫలితం ఉండదు కాబట్టి అందరూ ఒకే తీరు పాటించాలి.

స్నానం విషయం మాత్రం వాయిదా వేయకండి. ఒంటి మీద ఎవరు చెయ్యి వేసినా ఊరుకోవడానికి అలవాటు పడిన మనిషికి, తాకకూడని చోట తాకినవాళ్లను వద్దనడం తెలియదు. తలుపు వేసుకోవడం, లోపలున్నప్పుడు ఇతరులు తట్టి రావడం, తన ఒళ్లు తానే రుద్దుకోవడం అతని భద్రతకు కూడా అవసరం. వీపు వంటి చోట ఇంకా సాయం కావాలంటే తండ్రి చేయడం మేలు.

బజారు పని నేర్పడానికి ఆట నోట్లు వద్దు. అసలు నోట్లతో, మీరు రోజూ వెళ్లే కొట్టులోనే, కొట్టాయనకు ముందుగా చెప్పి ఉంచి నేర్పండి. 50 నీలం, 100 లేత ఊదా, 200 పసుపు, 500 బూడిద రంగు కనుక, కూడికలు రానివారు కూడా రంగును బట్టి నోటు తీసి ఇవ్వగలరు.

మీ తర్వాత సంగతికి వస్తే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం మేధో వైకల్యం ఉన్నవారికీ వర్తిస్తుంది. 18 ఏళ్లు నిండినవారికి సంరక్షకుణ్ణి నియమించమని జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. కలెక్టర్ కార్యాలయంలో వివరాలు అడగండి. ఆ ట్రస్ట్‌కే చెందిన ‘నిరామయ’ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కూడా ఉంది. సంరక్షకుడు ఉన్నా మీ అబ్బాయి ఇష్టాయిష్టాలు అడగకుండా నిర్ణయాలు జరగకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పే పరిమిత సంరక్షణలో నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకోవాలి.

వీలైతే ఒకసారి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థకు, ఇప్పుడు నీపిడ్ (NIEPID) అంటున్న దానికి, తీసుకువెళ్లి మదింపు చేయించండి. వెళ్లేలోగా ఏ పని తనంతట తాను చేస్తున్నాడో, ఏది చెబితే చేస్తున్నాడో, ఏది చెయ్యి పట్టి చేయించాల్సి వస్తోందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ధ్రువపత్రంతో పాటు అదీ చూపిస్తే, తర్వాత ఏమి నేర్పాలో చెప్పడం వారికి సులువవుతుంది.