గోదావరి చెంతనే ఉన్న డెల్టాలో దాళ్వాకు (రబీ వరికి) నీటి ఎద్దడి వస్తే రైతులు ఎలా నెట్టుకొస్తారు?

కాలువ నీటిని వంతులవారీగా పంచుకుని, చాలనిచోట మురుగు కాలువల నీటిని తిరిగి తోడుకుని పంటను గట్టెక్కిస్తారు.

ఇబ్బందికి మూలం ధవళేశ్వరం బ్యారేజీ స్వభావంలోనే ఉంది. అది నీటిని కాలువలకు మళ్లించేదే తప్ప నెలల తరబడి దాచేది కాదు. పట్టేది సుమారు 3 టీఎంసీలు, ఆయకట్టు దాదాపు 10 లక్షల ఎకరాలు. చలికాలం దాటాక నదిలో సహజ ప్రవాహం పడిపోతే, సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి దిగివచ్చే నీళ్లే పెద్ద దిక్కు.

కాలువ చివరి శివారు పొలాన్నే చూడండి. వంతు వచ్చిన రోజున కూడా పైవాళ్లు తడుపుకోగా మిగిలిందే అక్కడికి చేరుతుంది. వరి పొట్ట మీద ఉన్నప్పుడు మడి నెర్రెలిస్తే గింజ తాలుపోతుంది. అందుకే మురుగు కాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి, ఇంజన్లతో రాత్రీపగలూ తోడతారు. డీజిల్ ఖర్చు మాత్రం నడ్డి విరుస్తుంది. ముందే పసిగట్టినవారు వరి మానేసి మినుము చల్లుకుంటారు. నా దృష్టిలో తెలివైన పని అదే.

‘కాటన్ ఆనకట్ట కట్టాక డెల్టాకు కరువేమిటి?’ అన్నది చాలామంది పొరపాటు. 1852లో పూర్తయిన ఆ కట్టడం సార్వాకు (ఖరీఫ్ వరికి) భరోసా ఇచ్చింది. దాళ్వా మాత్రం ఇప్పటికీ ఆ ఏడాది నది ప్రవాహాన్ని బట్టే.