సూర్యుడు మన సముద్రంలో అస్తమించడమ్మా

మహారాణిపేట,
విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కవితల నోట్‌బుక్ అందింది. మూడు రోజులు బల్ల మీదే పడి ఉంది, తెరవలేదు. నీ అట్ట తెరవనివ్వలేదు.

అట్ట నిండా నారింజ రంగు సముద్రం, అందులోకి దిగిపోతున్న సూర్యుడు. ఈ మూల నెమలి ఈక కలం, ఆ మూల సిరాబుడ్డి, చుట్టూ చమ్కీల అంచు. పైన మెరుపు పెన్నుతో ‘అస్తమయ రాగాలు’. తల్లీ, మీ ఇల్లు గాజువాకలో కదా! మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు అందులోంచి పైకి రావడమే గానీ అందులో మునగడం ఈ ఊళ్లో ఎవరూ చూడలేదు. సాయంత్రం బీచిలో కూచుంటే మన వీపు వెనక, మేడల మీంచి, కొండల వైపు జారుకుంటాడు. ఇది నీకు తెలియక కాదు. ఎప్పుడో చూసిన గ్రీటింగ్ కార్డు నీ చెయ్యి పట్టుకుని గీయించింది. ఆ నెమలి ఈక మాత్రం? లోపలంతా జెల్ పెన్నుతో రాశావు!

నాలుగో రోజు కోపం తగ్గి తెరిచాను. పద్నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను.

‘మా ఇంట్లో పగలు కుక్కర్ కూయదు
నాన్న సి షిఫ్టు దిగొచ్చాడు
అమ్మ పప్పు గిన్నెలో ఉడికిస్తోంది
గరిట తగలకుండా’

సి షిఫ్టంటే రాత్రి డ్యూటీ అని చెప్పి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ కవిత్వం జోలికి రాదు. ‘కందిపప్పు గిన్నెలో అంటే గంట పైనే పడుతుంది పాపం, గ్యాసెంతవుతుందో’ అంది. నా పుస్తకాలు వేటికీ అంత మంచి సమీక్ష రాలేదు.

ఛందస్సు నేర్చుకోవాలా, ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి అలా ఉండనీ. ముందు అట్ట సంగతి తేలాలి.

నువ్వు నోట్‌బుక్ కొన్న రోజునే అట్ట గీసేశావు. అవునా? నాకెలా తెలిసిందంటే, మొదటి ఆరు కవితల్లో ‘సంధ్య’ తొమ్మిది సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. అట్టకి జవాబు చెప్పుకోడానికే ఆ ఆరూ రాశావు. ఏడో దాని దగ్గర నీకు అట్ట గుర్తులేదు, అక్కణ్ణుంచి మీ ఇల్లు కనపడింది. అందుకే నలభై ఏళ్లుగా వినేవాళ్లు దొరికినప్పుడల్లా మొత్తుకుంటున్నాను: అట్ట ఆఖర్న గీయాలి. రాసినదాంట్లో దొరికిన ఒక్క వస్తువే గీయాలి.

ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవాళ్లని ఎప్పుడైనా చూశావా? అంకుడు కర్రని ఎండబెట్టి, లేతు మీద తిప్పి, ఆకారం తీసి, నున్న చేశాక గానీ రంగు జోలికి పోరు. అప్పుడు తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి బొమ్మకి పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. రంగు ఎంత బాగున్నా కర్ర తిరగకపోతే అంటదు. నేనొక పూటంతా అక్కడ నిలబడి చూసి బస్సు అందుకోలేకపోయాను.

నా మొదటి పుస్తకం కథ వింటే నా కోపం నీకు అర్థమవుతుంది. 1987లో, పోర్టులో గుమాస్తాగా ఉండగా, ఐదు వందల కాపీలు వేయించాను. కవితలన్నీ హార్బరులో బస్తాలు మోసే కలాసీల మీద. ముఖచిత్రానికి కొత్త జింకు బ్లాకు చేయించే డబ్బు లేదు. పాత ఊళ్లో ప్రెస్సాయన ‘మా దగ్గర క్యాలెండరుకి చేయించిందొకటి ఉందండి, వాడెయ్యమంటారా’ అన్నాడు. వాడెయ్యమన్నాను. వీణ పట్టుకున్న అమ్మాయి బొమ్మ అది. ఓ పెళ్లివారింట్లో ఒక పెద్దాయన నా పుస్తకం చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, హారతి పాట ఏ పేజీలో ఉందని అడిగాడు.

ప్రెస్సాయన్ని అనను. ఆయన సాయమే చేశాడు. నా ఉక్రోషమంతా ఒక వారపత్రిక సంపాదకుడి మీద. ‘బొమ్మ వెయ్యడానికి వీలున్న కవితలు పంపగలరు’ అని కార్డు రాశాడు. కవిత బొమ్మకి కాపలా కాయాలన్నమాట! ఇప్పుడు మరీను. సముద్రం వైపు తిరిగి జుట్టు ఎగరేసుకుంటున్న అమ్మాయి వీపు ఒకటి దొరికితే చాలు, కంప్యూటరులో పది పుస్తకాలకి అదే అట్ట.

పుస్తకం ఎప్పుడు వేసుకోవచ్చనీ అడిగావు. మన ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ 1930లలో రాసిన గీతాలు ‘మహాప్రస్థానం’గా అచ్చయింది 1950లో. అట్ట లేనన్నాళ్లూ జనం నోళ్లలోనే ఉన్నాయి. నీది ఇంకా తొమ్మిదో తరగతి.

సరే, పనిలోకి రా. చమ్కీలు మన ఉప్పుగాలికి నిలవవు, ఇప్పటికే సగం నా లుంగీకి అంటుకున్నాయి. స్టేపిల్ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, దారంతో కుట్టు. బ్రౌన్ పేపరు అట్ట వేసుకో. దాని మీద స్కెచ్ పెన్ను రంగులన్నీ నల్లబడతాయి, తెల్ల పోస్టరు రంగూ ఒక పెన్సిలూ చాలు. లై, అంటే అతికించే బంక, మైదాతో కాచుకో. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు గానీ అది విషం, నువ్వు ముట్టుకోకు, నాన్నని కలపమను.

ఆ అట్ట మధ్యలో కుక్కర్ విజిలొక్కటి గియ్యి. చుట్టూ ఏమీ వద్దు. నీ పాత అట్ట చింపకు, దాని మీదే కొత్తది వెయ్యి. జ్ఞాపకం మీద మాత్రం గియ్యకు. నాన్న నిద్రపోయే వేళ చూసి అమ్మనడిగి తెచ్చుకుని, ఎదురుగా పెట్టుకుని గియ్యి. దానికి పక్కన కన్నాలు ఎన్ని ఉంటాయో మా ఆవిడా నేనూ నిన్న చాలాసేపు వాదించుకున్నాం. లేచి వంటింట్లోకి వెళ్లి చూడొచ్చు, కానీ నువ్వే లెక్కపెట్టి రాయి.

ఇట్లు,
మీ మాస్టారు