బెణికిన మోకాలు ఇంకా నొప్పిగా ఉంటే వ్యాయామం ఆపేయాలా?

మోకాలు బెణికి నాలుగు నెలలైందనీ, మామూలు నడకలో నొప్పి లేకపోయినా బస్కీలు తీస్తే, మెట్లు దిగితే వస్తోందనీ, వ్యాయామం మానేయాలా అనీ అడిగారు. మానకండి. నేను మాని నష్టపోయాను.

మాది అనంతపురం. షటిల్ ఆడుతుంటే పాదం నిలిచిపోయి మోకాలు లోపలికి వంగింది. పుత్తూరు కట్టు వేయిద్దామని ఇంట్లో ఒకటే పట్టు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. ఎంఆర్ఐలో లోపలి పక్క లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) కొంత చిరిగిందనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ తేలింది. ఆరు వారాలు బ్రేస్ వేసుకున్నాను. అది తీశాక కూడా భయంతో రెండు నెలలు ఆ కాలి మీద బరువే వేయలేదు. ఒకరోజు మా అమ్మ చూసి, "ఏమిరా, ఒక తొడ సన్నగయింది?" అంది. టేపుతో కొలిస్తే 2 సెంటీమీటర్ల తేడా! తొడ ముందు కండ బలంగా ఉంటేనే మోకాలికి ఆసరా. అది తగ్గితే చిన్న పనికీ కీలు నొస్తుంది.

ఫిజియోథెరపిస్టు నాకొక లెక్క నేర్పించారు. నొప్పికి 10కి మార్కులు వేసుకోవాలి. చేసేటప్పుడు 3 దాకా ఉంటే ఫర్వాలేదు. అసలు పరీక్ష మరుసటి రోజు పొద్దున. మంచం దిగి వేసే మొదటి నాలుగు అడుగులు నిన్నటిలాగే ఉంటే అదే మోతాదు కొనసాగించాలి. నొప్పి పెరిగినా, వాపు వచ్చినా సగానికి తగ్గించాలి, పూర్తిగా మానకూడదు. నాకున్న టెన్షన్ అంతా ఈ లెక్కతోనే పోయింది.

మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి 5 సెకన్లు అదిమి పట్టడంతో మొదలుపెట్టాను. తర్వాత పడుకుని కాలు నిటారుగా ఎత్తడం, ఆ తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. మెట్లు దిగడం అన్నిటికన్నా చివర. దిగేటప్పుడు మోకాలిచిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది, మీకు అక్కడే నొప్పి రావడానికి ఇదే కారణం కావచ్చు. అందుకే ఇప్పటికి లోతు బస్కీలు వద్దు, కుర్చీ ఎత్తు వరకే కూర్చుని లేవండి. నడకకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు మట్టి నాకు సిమెంటు రోడ్డు కన్నా హాయిగా ఉండేది. తొమ్మిదో నెలలో పెనుకొండ కొండెక్కి దిగాను. దిగేటప్పుడు నొప్పి 2, పొద్దునకి లేదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. మోకాలు వంచేటప్పుడో చాచేటప్పుడో మధ్యలో ఇరుక్కుపోయినా, నడుస్తుంటే పట్టు తప్పి కూలబడినా, ప్రతిసారీ వాచినా వ్యాయామం పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. అవేవీ లేకపోతే ఈ సాయంత్రమే పది సార్లు కుర్చీలోంచి లేచి చూడండి. రేపు పొద్దున ఎలా ఉందో ఇక్కడ రాయండి, తర్వాత ఏం పెంచాలో మాట్లాడుకుందాం.