ఒళ్లునొప్పులకూ చపాతీకీ సంబంధం ఉంటుందా?

ప్రశ్న: మేడం గారికి నమస్తే. మాది పలాస దగ్గర పల్లె. వయసు 34, జీడిపప్పు పనికి వెళ్తాను. నాలుగేళ్లుగా ఒళ్లంతా నొప్పులు, మోకాళ్లు, నడుం మరీను. పొద్దున్న మంచం దిగాలంటే ఏడుపొస్తోంది. చేతులు తిమ్మిర్లు. హిమోగ్లోబిన్ ఎప్పుడు చూసినా 8 దగ్గరే, ఏడాదిగా ఐరన్ మాత్రలు మింగుతున్నా ఎక్కట్లేదు. మాటిమాటికీ నోటిపూత, కడుపుబ్బరం. కీళ్లవాతం టెస్టు, థైరాయిడ్ టెస్టు బాగానే ఉన్నాయి, నీకేమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో అన్నారు. మా ఆయనకు సుగర్ వచ్చిన దగ్గర్నుంచి రాత్రిళ్లు ఇంట్లో అందరికీ చపాతీలే. గోధుమలు పడకపోతే ఇలాగే ఉంటుందట, మానేసి చూడు అంటోంది మా తోటికోడలు. మానేయనా? నొప్పి ఆగనప్పుడు మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకుంటున్నాను.
- పేరు వద్దు, పలాస

జవాబు: అమ్మా, చపాతీలు ఇప్పుడే మానకండి. ఎందుకో చెప్తాను, అన్నిటికంటే ముఖ్యం అదే.

మీ తోటికోడలు విన్నది సీలియాక్ జబ్బు గురించి అయి ఉంటుంది. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది, చపాతీ పిండి సాగేది దానివల్లే. కొందరి ఒంట్లో ఆ గ్లూటెన్ పడగానే రోగనిరోధక శక్తి తిరగబడి సొంత చిన్నపేగునే దెబ్బ తీస్తుంది. పేగు లోపలి గోడ మీద ఆకుమడిలో నారులాగా ఒత్తుగా, సన్నగా నూగు ఉంటుంది, తిన్నదాంట్లోని సారమంతా లాక్కునేది అదే. ఈ జబ్బులో ఆ నూగు తిత్లీ తుఫానుకు పడిపోయిన చేనులా నేలకు అంటుకుపోతుంది. ఇంక మీరు ఐరన్ మాత్ర మింగినా, మునగాకు తిన్నా, పాలు తాగినా ఒంటికి పట్టేది ఎక్కడ? ఐరన్ అందక రక్తం ఎక్కదు. కాల్షియం, విటమిన్ డి అందక ఎముకలు, నడుం లాగేస్తాయి. నరాలకు దెబ్బ తగిలితే తిమ్మిర్లు. నోటిపూత, కీళ్లనొప్పులు, తగ్గని నీరసం, తలనొప్పి, కొందరికి గర్భం నిలవకపోవడం, మోచేతుల మీద మోకాళ్ల మీద దురద పొక్కులు, ఇవన్నీ దీనివల్ల రావచ్చు. విరేచనాలు అసలు లేకుండా కూడా ఉండొచ్చు, అందుకే పేగు మీదికి ఎవరి ధ్యాసా పోదు.

మా సొంత చెల్లి విషయంలో జరిగింది ఇదే. విజయనగరంలో ఆరేళ్లు తిరిగాం. ఒకచోట నడుంనొప్పికి బెల్టు, ఒకచోట బలం ఇంజెక్షన్లు, ఒకచోట ‘ఇంటి పని తప్పించుకోడానికి’ అన్న మాట, అదీ దాని మొహం మీదే. ఆ మాటకు అది ఆటోలో ఇంటిదాకా ఏడ్చింది, నేను పక్కనే కూర్చున్నాను. చివరికి విశాఖలో ఒక కుర్ర డాక్టరు పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పరిచి, నొప్పి సంగతి పక్కనపెట్టి, ఇన్ని మాత్రలు వేసినా రక్తం ఎందుకు ఎక్కలేదు అని అడిగారు. ఆరేళ్లలో ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కరే.

మీరూ ఆ ప్రశ్నే అడగండి. టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ ఐజీఏ అని ఒక రక్తపరీక్ష ఉంది, చీటీ మీద టీటీజీ అని రాస్తారు. దాంతోపాటు టోటల్ ఐజీఏ, అంటే రోగనిరోధక శక్తి తయారుచేసే ఆ రకం మాంసకృత్తు ఒంట్లో మొత్తం ఎంతుందో కూడా చూడాలి, ఎందుకంటే కొందరి ఒంట్లో ఐజీఏ పుట్టుకతోనే తక్కువ, అలాంటివాళ్లకు జబ్బున్నా మొదటి పరీక్ష లేదనే చెప్తుంది. తేడా కనపడితే గ్యాస్ట్రో డాక్టరు ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపిస్తారు. ఇవన్నీ గోధుమ తింటూ ఉన్నప్పుడే సరిగ్గా తేలతాయి. ముందే మానేస్తే రక్తంలో ఆ గుర్తులు తగ్గిపోతాయి, పేగు కొంచెం మానుతుంది, రిపోర్టు నార్మల్ వస్తుంది, మీరు మళ్లీ మొదటికొస్తారు. అప్పుడు పరీక్ష కోసం కనీసం ఆరు వారాలు రోజూ గోధుమ తినమంటారు, అది నరకం. అందుకే మానొద్దన్నాను.

మీకు సీలియాకే అని నేను అనట్లేదు. వరి తినే మన దక్షిణాదిలో ఇది ఉత్తరాదికంటే బాగా తక్కువ, రక్తం ఎక్కకపోవడానికి నెలసరిలో ఎక్కువ పోవడం, కొంకి పురుగులు, కడుపులో పుండు లాంటి కారణాలు కూడా ఉంటాయి, డాక్టరు అవీ చూడాలి. కానీ తక్కువ అన్న మాట పట్టుకుని అసలు వెతకడమే మానేస్తున్నారు, నా బాధ అది. సుగర్ అనీ, బరువు తగ్గాలనీ మన ఇళ్లలో రాత్రి అన్నం పోయి చపాతీ వచ్చింది, పొద్దున్న బొంబాయి రవ్వ ఉప్మా, టీలోకి రస్కు. అంబలి తాగిన మన అమ్మమ్మలు ఇంత గోధుమ ఎప్పుడు తిన్నారు?

ఇంకొకటి. ఆ నొప్పి మాత్రలు ఆపండి. మీది ఉద్దానం వైపు, కిడ్నీ జబ్బులు మీ ఊళ్లలో ఎంతమందిని మింగాయో మీకు నేను చెప్పాలా. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి డాక్టరు చెప్పకుండా రోజుల తరబడి వేసుకుంటే కిడ్నీ మీద భారం. టీటీజీకి రక్తం ఇచ్చినప్పుడే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కూడా చూపించుకోండి.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఎత్తు పెరగట్లేదని చూపిస్తే ఎండోస్కోపీ చేసి సీలియాక్ అన్నారు. గోధుమ పూర్తిగా మాన్పించాం. కానీ దేవుడి ప్రసాదం చిటికెడు పెడితే ఏమవుతుంది అని మా అత్తగారు కోప్పడుతున్నారు. బాబుకొక చిన్న చెల్లెలు కూడా ఉంది.
- ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అత్తగారి మీద కోపం పెట్టుకోకండమ్మా, ఆవిడ ప్రేమకొద్దీ పెడుతున్నారు. కానీ చిటికెడు కూడా వద్దు. ఈ జబ్బుకు మందు లేదు, తిండే మందు, అదీ జీవితాంతం. గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే మన దేశంలో కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది రూలు, చిటికెడు రవ్వ ముందు అది ఎంతని? అన్నవరం ప్రసాదం గోధుమ నూకదే. ఇంట్లో వ్రతం చేసుకున్నప్పుడు బియ్యపు నూకతో చేయండి. కొబ్బరి, అరటిపండు, చక్కెరపొంగలి, చిమ్మిలి వాడికి పెట్టొచ్చు.

మా చెల్లికి రొట్టె, రవ్వ, బిస్కెట్లు అన్నీ మాన్పించాం, అయినా ఆరు నెలల తర్వాత టీటీజీ అనుకున్నంత దిగలేదు. ఇల్లంతా వెతికాను. ఒకరోజు పోపు వేస్తూ ఇంగువ డబ్బా వెనక్కి తిప్పితే కనీకనపడని అక్షరాల్లో గోధుమపిండి అని ఉంది. రోజూ చారులో, పప్పులో, పులిహోరలో అదే వేస్తున్నాం! బజార్లో దొరికే ఇంగువ చాలావరకు మైదానో గోధుమపిండో కలిపిందే, బియ్యప్పిండి కలిపినవి వెతికి తెచ్చుకోండి. సేమియా, మాల్టు కలిపిన పాలపొడులు, సోయా సాస్ కూడా చూసుకోండి.

అంబలి భేషుగ్గా ఇవ్వొచ్చు. చోళ్లు, గంటెలు, జొన్నలు, సామలు, వరి, మినుములు దేంట్లోనూ గ్లూటెన్ లేదు. అయితే గోధుమలు ఆడిన మరలోనే చోళ్లు ఆడిస్తే ఆ పిండి దీంట్లో కలుస్తుంది. ఇంట్లో మిక్సీలో ఆడుకోండి, లేదంటే గోధుమ ఆడని మర చూసుకోండి. చపాతీ పెనం మీద వాడికి అట్టు వేయకండి, వేరే పెనం పెట్టుకోండి. బళ్లో టీచరుకు కాగితం మీద రాసివ్వండి, పుట్టినరోజు కేకులు, చాక్లెట్లు పంచేది అక్కడే.

ఇక పాప సంగతి. ఇంట్లో ఒకరికి ఉంటే తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో దాదాపు పదిమందిలో ఒకరికి ఉండొచ్చు, బయటికి ఏమీ కనపడకపోయినా సరే. పాపకు గోధుమ మాన్పించకముందే ఆ రక్తపరీక్ష చేయించండి. మీరూ, మీవారూ కూడా అదే రోజు ఇచ్చేయండి.